గ్యాస్ రాయికి బోనం

సంచి సర్దింది నేనే. నాకు రెండు చీరలు, చెల్లెలికి రెండు చీరలు, బీపీ గోళీలు, ఆధార్ కార్డులు పెట్టిన ప్లాస్టిక్ కవరు, కొత్త సబ్బు, దువ్వెన. టార్చిలైటు పెట్టి మళ్ళీ తీసేశాను. గ్యాస్ లీకైన చోట ఏ స్విచ్చీ నొక్కకూడదని కంపెనీవాళ్ళు పంచిన కాగితంలో ఉంది.

నా చెల్లెలు ఉప్పలమ్మ మంచం మీద కాళ్ళు చాపుకొని కూర్చుని నన్నే చూస్తోంది.

"ఎవ్వలు పోతున్నరక్కా?"

"ఇద్దరం. అవసరం పడితే."

"నేనైతే రాను. నీ చేతి సంచి పట్కొని పోయినోళ్ళు ఎవ్వరన్న మల్ల వచ్చిండ్రా? బావ భీవండి పోయిండు. అమ్మ పెద్ద దవాఖానకు పోయింది. ఇద్దరి సంచులు సర్దింది నువ్వే గదా."

మా ఆయన గట్టయ్య మగ్గాల పనికి భీవండి వెళ్ళేనాడు నేను కట్టిచ్చిన సంచిలో జొన్న రొట్టెలు కూడా ఉన్నాయి. అప్పటినుంచి ఎవరినైనా బస్సెక్కించి వస్తే, వాళ్ళు దిగామని చెప్పేదాకా నాకు ముద్ద దిగదు. అయినా సంచి ముడి వేసి తలుపు పక్కన పెట్టాను. అప్పుడు వైశాఖం. ఆషాఢం దాకా అది అక్కడే ఉంది. మధ్యలో ఇంట్లో సబ్బు అయిపోతే ఉప్పలమ్మ సంచి విప్పి అందులోది తీసుకుంది.

"పొయ్యే నాటికి కొత్తది కొనుక్కుందం తియ్యి," అంది.

మేముండేది తార్నాకలో, ఒక గల్లీ చివర రెండు గదుల పోర్షన్‌లో. మా వెనక గోడ అవతల యూనివర్సిటీ. అక్కడి లేడీస్ హాస్టల్‌లో నేను వంట చేసేదాన్ని, ఉప్పలమ్మ ఊడ్చేది. బియ్యం బస్తాల మీద, పప్పు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నాను. చదువు వస్తే ధైర్యం వస్తుందంటారు. నాకు భయం వచ్చింది. ఎక్కడ ఏం రాసి ఉన్నా చదువుతాను, చదివిందల్లా జరుగుతుందేమో అనిపిస్తుంది.

ఆ వైశాఖానికి ముందు చలికాలంలో గ్యాస్ కంపెనీవాళ్ళు మా గల్లీ తవ్వి పసుపుపచ్చ పైపు వేశారు. గల్లీకి ఒక పక్కగా, పార్థసారథి సారు గేటు ముందు నుంచి పోతుంది ఆ పైపు. దానిమీద గుర్తుగా మోకాలెత్తు సిమెంటు రాయి పాతి, దానికీ పసుపు రంగు వేసి, నల్ల అక్షరాలతో రాశారు: "ఇక్కడ భూమిలో గ్యాస్ పైపు ఉంది. తవ్వే ముందు ఫోన్ చేయండి." కింద నంబరు. గల్లీలో అందరూ చదివారు. చదివి, ఆ రాయికి ఆనించి స్కూటర్లు పెట్టుకున్నారు.

పార్థసారథి సారు యూనివర్సిటీలో రాళ్ళ గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భూమి ఎప్పుడు పుట్టింది, ఏ రాయి వయసెంత అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. డాక్టర్లు నడవమన్నారు. నడిస్తే నొప్పి పోలేదని నల్లకుంట నుంచి వాస్తు ఆయనను పిలిపించాడు. ఆ వాస్తు ఆయన గేటు దగ్గర నిలబడి, చేతిలోని దిక్సూచి వైపు ఒకసారి, పసుపు రాయి వైపు ఒకసారి చూసి నోరు చప్పరించాడు.

"ద్వారవేధ సార్. సింహద్వారానికి ఎదురుగా శిల. ఇది పెట్టినప్పటినుంచే కదా మీకు కాళ్ళు పట్టేసింది?"

సారు లెక్క వేసుకున్నాడు. నొప్పులు రాయి కంటే పాతవని గల్లీలో కుక్కలకు కూడా తెలుసు. ఆయన మాత్రం, "ఎగ్జాక్ట్‌లీ," అన్నాడు.

మర్నాడు శ్రావణ్ ఇద్దరు పోరగాళ్ళను గడ్డపారలతో పంపాడు. శ్రావణ్ మా గల్లీ యూత్ లీడరు. వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్ కావాలని అతని ఆశ. అందుకని ఎవరు ఏది పీకమన్నా పీకిస్తాడు. వాళ్ళు రాయి చుట్టూ తవ్వుతుంటే నేను చేతిలో చాట పట్టుకునే సారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, అది పైపు గుర్తు గద. పైపు ఈడుంటే రాయి ఇంకో దిక్కు పెడ్తరా?"

"పైపును జరపట్లేదు కదా సారలమ్మా, రాయిని జరుపుతున్నాం. పైపుకేం కాదు."

"రాయి లేకపోతే కింద పైపున్నదని ఎవరికి ఎర్కైతది సార్?"

"మనందరికీ తెలుసుగా!" అని నవ్వాడు.

అది నిజమే. ఆ రోజు గల్లీ అంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది. తెలియనివాళ్ళు ఒక్కరు కూడా లేరు.

పీకిన రాయిని గల్లీకి రెండో పక్కన, మా గోడకు దగ్గరగా ఉన్న వేపచెట్టు కింద, డ్రైనేజీ మూత పక్కన పాతారు. పారేస్తే కంపెనీ కేసు పెడుతుందని శ్రావణ్ అన్నాడట. జరిపితే పెట్టదని అతనికి ఎవరు చెప్పారో.

రోజూ ఆ వేపచెట్టు కింద ఊడ్చేది ఉప్పలమ్మే. ఆ మంగళవారం ఊడ్చి, నీళ్ళు చల్లి, రాయికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను బిందె దించి చూస్తే గ్యాస్ కంపెనీ రాయి ముక్కు మొహం లేకుండా మెరుస్తోంది.

"ఏందే ఇది?"

"పోచమ్మ. వేపచెట్టు కిందికి వచ్చి కూసున్నది."

"కూసోలేదు, కూసోబెట్టిండ్రు. పార్థసారథి సారు మోకాళ్ళ నొప్పికి."

"అమ్మకు ఏదో ఒక సాకు గావాలె గదక్కా రానీకె," అంది ఉప్పలమ్మ, చేతికంటిన పసుపు చెంపలకు రాసుకుంటూ.

నేను పోచమ్మను నమ్మనిదాన్ని కాదు. మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏటా బోనం ఎత్తాను. కానీ మా ఊరి పోచమ్మకు ఫోన్ నంబరు ఉండేది కాదు.

వారం తిరగకుండా రాయికి ఎర్ర గుడ్డ వచ్చింది, గాజులు వచ్చాయి, నిమ్మకాయల దండ వచ్చింది. జ్యేష్ఠం వచ్చేసరికి గోడ అవతల నుంచి యూనివర్సిటీ పిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు. హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్ళు. లావుపాటి పుస్తకాలు చంకలో పెట్టుకొని వచ్చి, నోటిఫికేషన్ రావాలని ఒకరు, వచ్చిన నోటిఫికేషన్ మీద పడ్డ కేసు తెమలాలని ఒకరు రాయికి ఎర్ర దారాలు కట్టేవాళ్ళు. దేశంలో ఉన్న నదులన్నీ ఎక్కడెక్కడ పుట్టాయో వాళ్ళకు నోటికి వచ్చు. కళ్ళముందు పసుపు కింద నల్లగా కనబడుతున్న "గ్యాస్" అన్న రెండక్షరాలు మాత్రం కనబడలేదు.

దారం కట్టి, వాళ్ళు ఉప్పలమ్మ కాళ్ళు మొక్కేవాళ్ళు.

"అవ్వా, జెర దీవించు."

"కొలువు వస్తది పో బిడ్డా. వచ్చినంక అమ్మను మర్వకు."

హాస్టల్లో పనిచేసినన్నాళ్ళూ ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్", "చీపురూ", "ఇటు రా" అంతే. ఊడుస్తూ ఉంటే దాటుకుంటూ పోయేవాళ్ళు. ఇప్పుడు ఆమె వేపచెట్టు కింద పీట వేసుకొని కూర్చుంటే కాలేజీ పిల్లలు చెప్పులు విప్పి నిలబడుతున్నారు. ఆమె నడుము నిటారైంది. పాన్ మానేసింది. రాయి పక్కన గూడు కట్టించి దీపం పెట్టింది. ఆ దీపం పగలూ రాత్రీ వెలగాలని ఆమె పట్టుదల.

పొద్దున్నే నేను తడిగుడ్డ తీసుకెళ్ళి రాయి మొహం తుడిచి నంబరు కనబడేలా చేసేదాన్ని. నేను ఇంట్లోకి రాగానే ఆమె వెళ్ళి మళ్ళీ పూసేది.

"అమ్మ మొహం ఎందుకు కడుగుతవే?"

"అమ్మ నంబర్ కనవడ్తలేదు."

"నీకు నోటికి వస్తది గదా, సదువుకో!"

వచ్చు. ఇప్పటికీ వచ్చు.

జ్యేష్ఠంలో ఒకనాడు పొద్దున నేను క్యాంపస్‌లోకి వెళ్ళి, ఆర్ట్స్ కాలేజీకి పోయే దారిలో బల్ల మీద కూర్చున్నాను. పార్థసారథి సారు స్నేహితులతో వాకింగ్‌కు వచ్చే దారి అది. అందరూ రిటైరైనవాళ్ళు, అందరూ తెల్ల బూట్లు. ఇంటి దగ్గర అడిగితే ఆయన లోపలికి వెళ్ళిపోతున్నాడు. నలుగురి ముందు అడిగితే పరువుకైనా ఒప్పుకుంటాడని నా ఆశ.

"ఈమె మా గల్లీ సారలమ్మ. వెరీ ఇంటెలిజెంట్. ఓన్‌గా చదవడం నేర్చుకుంది," అని వాళ్ళకు పరిచయం చేశాడు. వాళ్ళు తలలూపారు.

"సార్, రాయి మల్ల దాని జాగల పెట్టించున్రి. ఎవరన్న ఎర్క లేక తవ్వితే అందరం పోతం."

"ఇప్పుడది రాయి కాదు సారలమ్మా. పబ్లిక్ సెంటిమెంట్. నేను ముట్టుకుంటే మతం రంగు వస్తుంది."

"అయితే మీ గోడకు ఒక బోర్డన్న కొట్టున్రి, ముంగట పైపున్నదని."

ఆయన మొహం చిన్నబోయింది. "బోర్డు కూడా వేధే అన్నాడమ్మా వాస్తు ఆయన."

తెల్ల బూట్లాయన ఒకడు గంభీరంగా, "సేఫ్టీ అనేది మనందరి బాధ్యతండీ," అన్నాడు. అంతలో చెట్ల మధ్య నుంచి నెమలి వచ్చింది. అందరూ బాధ్యత వదిలేసి ఫోన్లు తీశారు.

"మోకాళ్ళ నొప్పి తక్కువైందా సార్?" అని అడిగాను, పోతూ పోతూ.

"ఎక్కడమ్మా," అన్నాడు మోకాలు నిమురుకుంటూ. "ఇంకేదో దోషం ఉందట."

కంపెనీకి ఫోన్ చేస్తే మిషన్ మాట్లాడేది. తెలుగు కోసం ఒకటి నొక్కాలి. నొక్కితే కస్టమర్ నంబరు అడుగుతుంది. మాది సిలిండరు. పైపు మా ఇంటి ముందు పోతుంది కానీ మా ఇంట్లోకి రాదు. ఒకసారి మిషన్ అలసిపోయి మనిషికిచ్చింది.

"కస్టమర్ నంబర్ లేకుండా సిస్టమ్ కంప్లైంట్ తీసుకోదు మేడమ్."

"నేను కస్టమర్ను కాదు బిడ్డా, పైపు పక్కన ఉండేదాన్ని."

"ఆ ఆప్షన్ లేదు మేడమ్."

వదలకుండా చేస్తూనే ఉంటే, చివరికి ఒక మనిషి బండి మీద వచ్చాడు. పేరు డేనియల్. సీతాఫల్‌మండిలో ఉంటాడు, మాట గోదావరి జిల్లాల మాట. వేపచెట్టు దగ్గర బండి ఆపి, హెల్మెట్ తీసి, నోరు తెరుచుకొని నిలబడ్డాడు.

"ఎవరు చేశారండీ ఇదంతా?"

"అందరు."

"మా మ్యాపులో రాయి అటుపక్క ఉండాలండి, ఆ పెద్ద గేటు ముందు."

"అందుకే పిలిచిన. పీకి ఆడ పెట్టు."

అతను చుట్టూ చూశాడు. పీట మీద నుంచి ఉప్పలమ్మ అతన్నే చూస్తోంది. దారం కట్టడానికి వచ్చిన పిల్లలు ఫోన్లు పట్టుకొని చూస్తున్నారు.

"అమ్మగారూ, నా పేరు డేనియల్ అండి," అన్నాడు గొంతు తగ్గించి. "పోచమ్మ రాయి మీద నేను చెయ్యేస్తే సాయంత్రానికి నా ఫొటో ఎన్ని ఫోన్లలో తిరుగుతుందో తెలుసాండి? మా ఆవిడ స్కూల్లో టీచరండి. ఇద్దరు ఆడపిల్లలండి."

గ్యాస్ రాయిని గ్యాస్ కంపెనీ మనిషి ముట్టుకోలేడు. రాళ్ళ ప్రొఫెసరు రాయిని చూస్తే వణుకుతాడు. ఇలాంటి గల్లీలో సంచి సర్ది పెట్టుకోవడం నా పిచ్చి అని అందరూ నవ్వారు.

డేనియల్ ఊరికే పోలేదు. గేటు ముందు కొత్త రాయి పాతుతానన్నాడు. సారు ఎవరికో ఫోన్ చేసి, ఫోన్ డేనియల్ చేతికిచ్చాడు. డేనియల్ "సరేనండి, సరేనండి" అని తిరిగిచ్చాడు. చివరికి డబ్బాలో పసుపు రంగు తెచ్చి పైపు పోయిన దారంతా రోడ్డు మీద గీత గీసి, "గ్యాస్" అని రాశాడు. పోయేముందు తన సొంత నంబరు నాకిచ్చాడు.

"వాసన వచ్చిందంటే స్విచ్చులు ముట్టుకోవద్దండి. ఎక్కడన్నా నిప్పుంటే ఆర్పెయ్యండి. నడిచి దూరంగా పోయాకే నాకు ఫోన్ చెయ్యండి. బండ్లు కూడా తియ్యొద్దు."

ఆ నాలుగు ముక్కలు నేను ఉప్పలమ్మకు రోజూ అప్పగించేదాన్ని. అన్నం పెట్టేముందు అడిగేదాన్ని.

"వాసనొస్తే?"

"స్విచ్చి ముట్టొద్దు, నిప్పుంటే ఆర్పాలె, నడ్చుకుంట పోవాలె, గప్పుడు ఫోను," అని ఉప్పలమ్మ బతుకమ్మ పాట లాగా రాగం తీసేది. "ఇగ ముద్ద పెట్టు, ఆకలైతంది."

ఆషాఢంలో మా గల్లీ బోనాల ముందు పసుపు గీత పోయింది. శ్రావణ్ మనుషులు అమ్మవారికి స్వాగతమని రోడ్డంతా సున్నంతో, ఎర్ర జాజుతో చారలు కొట్టారు.

బోనాల ముందు శనివారం లాలాపేట్ నుంచి టెంట్‌హౌస్ లారీ వచ్చింది. కొత్త పోచమ్మకు మొదటి బోనాలు కదా, ఎత్తైన కమాన్ కట్టాలట. దాని మీద అమ్మవారి బొమ్మ చిన్నగా, శ్రావణ్ బొమ్మ పెద్దగా. ఇనప స్తంభాలు పాతడానికి గుంతలు తోడే మిషన్ తెచ్చారు. మొదటి గుంత వేపచెట్టు పక్కన అనుకున్నారు. ఉప్పలమ్మ లేచి మిషన్‌కు అడ్డం నిలబడింది.

"అమ్మ కాళ్ళ కాడ గుంత తవ్వుతర్రా? కండ్లు పోతయ్!"

శ్రావణ్ వెంటనే చేతులు జోడించాడు. "తప్పైంది పోచమ్మవ్వా. ఏయ్, మిషన్ గా దిక్కు తీస్కపోన్రి. సారు గేటు పక్కన ఏస్తం."

నేను వెళ్ళి ఆ జాగాలో నిలబడ్డాను.

"ఈడ పైపున్నది శ్రావణ్."

"ఏ పైపు అవ్వా? గ్యాస్ రాయి ఏడున్నది? చెట్టు కింద. పైపు గాడుంటది. గీడేముంటది?"

"రాయి జరిపిండ్రు గదరా! పీకింది నీ పోరగాండ్లే."

అతను గడ్డం గోక్కున్నాడు. "అవ్, జరిపినం. అయితే ఏంది? గుంత మూడు ఫీట్లే గదా, పైపు ఇంకా లోతుంటది."

"ఒక మాట చెప్పు. అది గ్యాస్ రాయా, పోచమ్మా?"

"రెండూనే," అన్నాడు. నవ్వుతూ కాదు, నిజంగానే అన్నాడు.

మొక్కేటప్పుడు పోచమ్మ, తవ్వేటప్పుడు గ్యాస్ రాయి. ఇంత తెలివి ఉన్న మనుషులను నేనెట్లా ఆపగలను? అప్పుడు మేడ మీద నుంచి పార్థసారథి సారు తొంగి చూశాడు. పైపు ఎక్కడుందో నాకంటే ఆయనకు బాగా తెలుసు. ఆయన గేటు ముందే వేశారు, వేసేటప్పుడు కుర్చీ వేసుకొని కూర్చుని చూశాడు. ఆయన ఆపుతాడనుకున్నాను.

"శ్రావణ్, స్తంభం గేటుకు ఎదురుగా రానీయకు. వేధ అవుతుంది. కొంచెం ఎడమకు జరుపు."

ఇద్దరు పిల్లలు నన్ను జాగ్రత్తగా, ముసలిదాన్నన్న మర్యాదతో, రెండు భుజాలూ పట్టుకొని పక్కన నిలబెట్టారు. మిషన్ తిరిగింది. కొంత దిగాక ఒకసారి ఎగిరిపడింది. గుంతలోంచి దుమ్ము బుస్సున లేచింది.

"రాయి తగిలింది," అన్నాడు శ్రావణ్. "స్తంభం దింపున్రి. సిమెంట్ పొయ్యిన్రి, జెల్ది."

స్తంభం దింపి, చుట్టూ నిండుగా సిమెంటు పోసి, తడి గోనెసంచులు కప్పారు. డీజే మొదలైంది. నేను గోనెసంచి ఎత్తి వాసన చూశాను. పచ్చి సిమెంటు వాసనే. గల్లీ బయటికి పోయి కంపెనీకి ఫోన్ చేశాను, డేనియల్‌కు చేశాను. డేనియల్ ఫోన్ మోగి మోగి ఆగింది. కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు నమోదైంది, మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు. కస్టమర్ నంబరు లేకుండానే నమోదైనందుకు సంతోషించాను. చూడండి, నేను కూడా ఎంత తెలివైనదాన్నో.

సిమెంటు మూతలోంచి పైకి రాలేని గ్యాస్ మట్టిలో దారి వెతుక్కొని డ్రైనేజీలోకి పోయిందని తర్వాత డేనియల్ చెప్పాడు. డ్రైనేజీ వేపచెట్టు కిందికి పోతుంది.

ఆదివారం తెల్లవారుతూనే ఉప్పలమ్మ తలస్నానం చేసి, అమ్మ దీపంలో నూనె పోసి వచ్చి, బోనం కుండలో బెల్లమన్నం వండుతోంది. నేను లేచేసరికి ఇల్లంతా బెల్లం వాసన. దాని కింద నుంచి ఇంకొక వాసన, కుళ్ళిన కోడిగుడ్డు లాంటిది.

నేను పోయి పొయ్యి కట్టేశాను.

"అయ్యో, ఇంక ఉడ్కలేదక్కా!"

"వాసన చూడు."

"నాలా వాసనక్కా. రాత్రి వానొచ్చింది గద."

"నాలా కాదు ఉప్పలీ. లే."

నా మొహంలో ఏం కనబడిందో, ఆమె లేచింది. సగం ఉడికిన బోనాన్ని అలాగే పసుపుబట్టతో పట్టి చంకకెత్తుకుంది. నేను సంచి తీసుకున్నాను. కాలింగ్ బెల్లు నొక్కకుండా తలుపులు బాదుకుంటూ పోయాను. "బోనాల నాడు ఏం లొల్లి ముసల్దానా" అన్నవాళ్ళు కూడా గల్లీ నడుమకు వచ్చి ముక్కుకు కొంగు పెట్టుకొని కదిలారు. శ్రావణ్ మైకు దగ్గర నిలబడి ఉన్నాడు. పోరగాళ్ళు కరెంటు ఇవ్వబోతుంటే నేను అరిచిన అరుపుకు వైరు కింద పడేసి అందరూ పరుగెత్తారు. పార్థసారథి సారు కారు తాళంచెవి పట్టుకొని బయటికి వచ్చాడు.

"సార్, కారు తియ్యకున్రి! నడ్వున్రి!"

మొదటిసారి ఆయన నా మాట విన్నాడు. అందరికంటే ముందు మెయిన్‌రోడ్డు చేరింది ఆయనే. ఆ పూట మోకాళ్ళు ఏమీ అడ్డం రాలేదు.

మెట్రో పిల్లర్ కింద గల్లీ అంతా నిలబడింది. పట్టుచీరల వాళ్ళు, లుంగీల వాళ్ళు, నెత్తిన తడి తువ్వాళ్ళ వాళ్ళు. పిల్లలను లెక్కపెట్టుకుంటున్నారు. నేను ఒక చేత్తో సంచి పట్టుకొని, రెండో చేత్తో డేనియల్‌కు ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు.

"అందరూ బయటికొచ్చేశారాండి? ఎవరినీ లోపలికి పోనివ్వకండి. వాల్వు కట్టేయించి వస్తున్నాను. ఏ పిల్లర్ దగ్గరున్నారు?"

నేను తల ఎత్తి పిల్లర్ మీద నంబరు వెతుకుతున్నాను. ఉప్పలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, నిప్పుంటే ఆర్పాలంటివి గదా?"

"ఆర్పిన. పొయ్యి నేనే ఆర్పిన గదా."

"పొయ్యి కాదు," అంది. బోనం కుండను ఫుట్‌పాత్ మీద, నా సంచికి ఆనించి, ఒలకకుండా పెట్టింది. "అమ్మ కాడ దీపమున్నది. కొండెక్కించి వస్తా. అమ్మ ఏమనుకోదు తియ్యి."

ఫోన్‌లో డేనియల్ మళ్ళీ పిల్లర్ నంబరు అడిగాడు. నేను చదివి చెప్పాను. చెప్పి తిరిగేసరికి ఆమె గల్లీలోకి మలుపు తిరుగుతోంది, సున్నం చారల మీద, చెప్పులు లేకుండా. నేను పిలిచాను.

"ఇప్పుడే వస్తా," అంది.

చప్పుడు అనుకున్నంత పెద్దగా లేదు. యూనివర్సిటీ చెట్ల మీది నుంచి కాకులన్నీ ఒక్కసారి లేచాయి. మెట్రో రైలు వచ్చి, ఆగి, మనుషులను దింపి పోయింది.

సాయంత్రానికి టీవీలవాళ్ళు వచ్చారు. పార్థసారథి సారు ఇస్త్రీ చొక్కా వేసుకొని వాళ్ళతో మాట్లాడాడు. చదువు లేకపోవడం వల్లే ఇలాంటివి జరుగుతాయని, గ్యాస్ రాయిని దేవతగా కొలవడం మూఢనమ్మకమని, ప్రజల్లో శాస్త్రీయ దృక్పథం పెరగాలని చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. శ్రావణ్ అదే కమాన్ మీద కొత్త ఫ్లెక్సీ కట్టాడు. ఈసారి ఉప్పలమ్మ బొమ్మ చిన్నగా, చేతులు జోడించిన అతని బొమ్మ పెద్దగా.

ఫైరింజన్ నీళ్ళకు వేపచెట్టు కింది రాయి శుభ్రంగా కడుక్కుపోయింది. ఏ గుడ్డా పెట్టి తుడవకుండానే అక్షరాలన్నీ కనబడుతున్నాయి. దాన్ని డేనియల్ తీసుకుపోయి, కొత్త రాయి తెచ్చి, అసలు జాగాలో పాతాడు. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. సారు తన గేటు మూయించి పక్క సందులోకి కొత్త గేటు పెట్టించుకున్నాడు. హాస్టల్ పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంకా వస్తుంటారు. చెట్టు కింద వెతికి, "ఇక్కడ పోచమ్మ ఉండేది కదా అవ్వా, ఎటు జరిపిండ్రు?" అని నన్ను అడుగుతారు. రిజల్ట్స్ వచ్చాయా బిడ్డా అంటే ఇంకా రాలేదంటారు.

సంచి తలుపు పక్కనే ఉంది. విప్పలేదు. ఆమె చీరలు రెండూ అందులోనే ఉన్నాయి. కొత్త సబ్బు కొని పైన పెట్టాను.

నా చెల్లెలు ఉప్పలమ్మ దీపం కొండెక్కించడానికి వెళ్ళి తిరిగి రాలేదు. పోయిన ఆషాఢం, మా గల్లీ బోనాల ఆదివారం, పొద్దున.